స్టాటిక్, ఇన్‌స్టెన్స్ మెథడ్‌లను ఒకే పేరుతో ఓవర్‌లోడ్ చేయడం: కర్నూలు ఉల్లి లెక్కతో

కర్నూలు మార్కెట్ యార్డుకు ఒక రైతు 4500 కిలోల ఉల్లి తెచ్చాడనుకుందాం. క్వింటా 1800 రూపాయలు పలికింది. తరుగు కింద 12.5 కిలోలు తీసేసి, హమాలీకి 300 పట్టుకుంటే రైతు చేతికి 80,475 రూపాయలు రావాలి. ఇప్పుడు రాయబోయే జావా ప్రోగ్రాం మాత్రం 37 రూపాయల 50 పైసలు అని చూపిస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు. ప్రోగ్రాం మధ్యలో ఆగదు. కోడ్‌లో ఒక్కో మెథడ్‌ను విడిగా చదివితే అన్నీ సరిగ్గానే ఉంటాయి. తప్పు ఏ మెథడ్ లోపలా లేదు. రెండు మెథడ్‌లకు ఒకే పేరు పెట్టిన తీరులో ఉంది.

ధరలు, ఖర్చులు ఉదాహరణ కోసం అనుకున్నవే. కోడ్‌లోని కీవర్డులను చదివే ఉచ్చారణతోనే తెలుగులో రాశాం. మీరు కొట్టేటప్పుడు వాటిని మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. లాటు, విలువ, ధర లాంటి మన సొంత పేర్లు తెలుగు లిపిలో ఉన్నా జావాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఫైలును తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయాలి. 2022లో వచ్చిన జేడీకే 18 నుంచి కంపైలర్ తనంతట తానే యూటీఎఫ్-8 అనుకుంటుంది. అంతకు ముందు వెర్షన్ విండోస్‌లో వాడుతుంటే జావాసీకి, అంటే జావా కంపైలర్‌కు, ఎన్‌కోడింగ్ ఆప్షన్ మీరే ఇవ్వాలి.

క్లాస్ ఇదీ:

క్లాస్ లాటు {
    డబుల్ కిలోలు;
    డబుల్ ధర; // క్వింటాకు

    లాటు(డబుల్ కిలోలు, డబుల్ ధర) {
        దిస్.కిలోలు = కిలోలు;
        దిస్.ధర = ధర;
    }

    స్టాటిక్ డబుల్ విలువ(డబుల్ కిలోలు, డబుల్ ధర) {
        రిటర్న్ కిలోలు * ధర / 100;
    }

    డబుల్ విలువ() {
        రిటర్న్ విలువ(కిలోలు, ధర);
    }

    డబుల్ విలువ(ఇంట్ తరుగు, ఇంట్ హమాలీ) {
        రిటర్న్ విలువ(కిలోలు - తరుగు, ధర) - హమాలీ;
    }
}

మొదటిది స్టాటిక్. ఏ లాటుతోనూ సంబంధం లేకుండా కిలోలు, ధర చేతికిస్తే లెక్క కట్టి ఇస్తుంది. మిగతా రెండూ ఇన్‌స్టెన్స్ మెథడ్‌లు. కాటా మీద పెట్టిన ఫలానా లాటు గురించే మాట్లాడతాయి కాబట్టి వాటికి ఒక ఆబ్జెక్ట్ కావాలి. మూడింటికీ పేరు ఒకటే. ఇలా ఒకే పేరుతో పలు మెథడ్‌లు రాయడాన్నే ఓవర్‌లోడింగ్ అంటారు. ఇది జావాలో చెల్లుతుంది, ఈ క్లాస్ ఏ ఫిర్యాదూ లేకుండా కంపైల్ అవుతుంది.

మొదటి మెట్టు: ఏది సిగ్నేచర్, ఏది కాదు

జావాలో మెథడ్ సిగ్నేచర్ అంటే పేరు, పారామీటర్ల టైపులు, వాటి వరుస. అంతే. రిటర్న్ టైపు అందులో లేదు. పబ్లిక్, ప్రైవేట్ లేవు. పారామీటర్లకు పెట్టిన పేర్లు లేవు. స్టాటిక్ అన్న మాట కూడా లేదు. వైవాలో ఎక్కువమంది తడబడేది ఈ చివరిదాని దగ్గరే.

అందుకే ఈ రెండూ ఒకే క్లాస్‌లో ఇమడవు:

స్టాటిక్ డబుల్ విలువ(డబుల్ కిలోలు, డబుల్ ధర)
డబుల్ విలువ(డబుల్ తరుగు, డబుల్ హమాలీ)

ఒకటి స్టాటిక్, రెండోది కాదు, పారామీటర్ల పేర్లు వేరు, అర్థం వేరు. అయినా కంపైలర్‌కు రెండూ "విలువ(డబుల్, డబుల్)" మాత్రమే. ఈ మెథడ్ క్లాస్‌లో ఇప్పటికే డిఫైన్ అయి ఉందని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. దీని మూలం ఇంకా లోతున ఉంది. కంపైలయిన క్లాస్ ఫైల్‌లో ఒకే పేరు, ఒకే డిస్క్రిప్టర్ ఉన్న మెథడ్‌లు రెండు ఉండకూడదు. డిస్క్రిప్టర్ అంటే పారామీటర్ల టైపులు, రిటర్న్ టైపు కలిపి రాసిన పొట్టి గుర్తు. స్టాటిక్ అన్నది అందులో ఉండదు, పక్కన ఒక ఫ్లాగ్‌గా ఉంటుంది.

పారామీటర్ల సంఖ్య, టైపు, వరుసల్లో కనీసం ఒకటి మారితేనే ఓవర్‌లోడింగ్. అది మారిందంటే ఒకటి స్టాటిక్, ఇంకొకటి ఇన్‌స్టెన్స్ అయినా పరవాలేదు. రెండూ స్టాటిక్ అయినా, రెండూ ఇన్‌స్టెన్స్ అయినా పరవాలేదు.

రెండో మెట్టు: కంపైలర్ ఎంచుకునే వరుస

అసలు విషయమంతా ఇక్కడే ఉంది, కాబట్టి దీన్ని తీరిగ్గా చదవండి. మీరు ఒక మెథడ్‌ను పిలిచినప్పుడు కంపైలర్ మొదట ఏ క్లాస్‌లో వెతకాలో తేల్చుకుంటుంది. ఆ క్లాస్‌లో ఆ పేరున్న మెథడ్‌లన్నిటినీ ఒకచోట చేరుస్తుంది. అందులో స్టాటిక్‌వి, ఇన్‌స్టెన్స్‌వి కలిసే ఉంటాయి. ఆ గుంపు నుంచి, మీరిచ్చిన ఆర్గ్యుమెంట్లకు సరిపడేవాటిని మూడు దఫాలుగా వెతుకుతుంది.

మొదటి దఫాలో విలువలను పెట్టెల్లో పెట్టడం, తీయడం ఉండవు. ఇంట్ ఇస్తే ఇంట్ తీసుకునేది, లేదా దానికంటే వెడల్పయిన లాంగ్, ఫ్లోట్, డబుల్ తీసుకునేది ఒప్పుకుంటుంది. ఇక్కడ ఒక్కటి దొరికినా తర్వాతి దఫాలకు వెళ్లదు. దొరక్కపోతేనే రెండో దఫా. అందులో ఇంట్ నుంచి ఇంటీజర్ ఆబ్జెక్ట్‌కు, అటు నుంచి ఇటుకు మార్చడం ఒప్పుకుంటుంది. దీన్నే బాక్సింగ్, అన్‌బాక్సింగ్ అంటారు. అదీ కుదరకపోతే మూడో దఫాలో, ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా తీసుకునేలా మూడు చుక్కలతో రాసే వారార్గ్స్ మెథడ్‌లను చూస్తుంది. బాక్సింగ్, వారార్గ్స్ రెండూ 2004లో జావా 5తో వచ్చాయి. పాత కోడ్ అప్పటిదాకా ఏ మెథడ్‌ను పిలుస్తోందో దాన్నే పిలుస్తూ ఉండాలి కాబట్టి కొత్త మార్పిళ్లను వరుసలో వెనక్కి నెట్టారు.

ఒకే దఫాలో ఒకటికి మించి సరిపోతే, అన్నిటికంటే నిర్దిష్టమైనదాన్ని ఎంచుకుంటుంది. ఇంట్ తీసుకునేది డబుల్ తీసుకునేదానికంటే నిర్దిష్టం. స్ట్రింగ్ తీసుకునేది ఆబ్జెక్ట్ తీసుకునేదానికంటే నిర్దిష్టం.

ఇంత ఎంపికా పూర్తయ్యాక, చిట్టచివర ఒక పరీక్ష జరుగుతుంది: ఎంచుకున్న మెథడ్‌ను ఇక్కడి నుంచి ఇలా పిలవడం చెల్లుతుందా? స్టాటిక్ అన్న మాటకు మొదటిసారి లెక్క ఉండేది ఈ చివరి పరీక్షలోనే. అప్పుడు చెల్లదని తేలినా కంపైలర్ వెనక్కి వెళ్లి ఇంకో మెథడ్‌ను వెతకదు. ఎంపిక ఆర్గ్యుమెంట్లను బట్టి, చెల్లుబాటు ఆ తర్వాత. ఈ ఒక్క వరుస మనసులో నిలిస్తే కింద వచ్చే చిక్కులన్నీ మీకు మీరే విప్పుకోగలరు.

మూడో మెట్టు: మన క్లాస్‌ను పిలిచి చూడడం

మెయిన్ మెథడ్‌లో ఇవి రాయండి:

లాటు ఒకటి = న్యూ లాటు(4500, 1800);

ఒకటి.విలువ(); // 81000
ఒకటి.విలువ(45, 300); // 79890
లాటు.విలువ(4500.0, 1800.0);   // 81000
లాటు.విలువ(4500, 1800); // కంపైల్ కాదు
ఒకటి.విలువ(12.5, 300); // 37.5

మొదటి మూడూ అనుకున్నట్టే వస్తాయి. 45 కిలోల తరుగు పోతే 4455 కిలోలు, కిలో 18 చొప్పున 80,190. అందులో హమాలీ 300 తీస్తే 79,890.

నాలుగోది చూడండి. మనం క్లాస్ పేరుతో పిలిచాం, మనసులో ఉన్నది స్టాటిక్ మెథడ్. కానీ 4500, 1800 రెండూ ఇంట్‌లు. డబుల్, డబుల్ తీసుకునే స్టాటిక్ మెథడ్ సరిపోతుంది. ఇంట్, ఇంట్ తీసుకునే ఇన్‌స్టెన్స్ మెథడ్ కూడా సరిపోతుంది. రెండోది నిర్దిష్టం కాబట్టి కంపైలర్ దాన్ని పట్టుకుంటుంది. తర్వాత చూస్తే దానికి ఆబ్జెక్ట్ కావాలి, ఇక్కడ లేదు. "స్టాటిక్ కాని మెథడ్‌ను స్టాటిక్ సందర్భం నుంచి పిలవలేరు" అనే అర్థంలో ఎర్రర్ వస్తుంది. కొత్తవాళ్లు ఈ ఎర్రర్ చూడగానే ఇన్‌స్టెన్స్ మెథడ్‌కు కూడా స్టాటిక్ తగిలిస్తారు. అలా చేస్తే కిలోలు, ధర ఫీల్డులు అందక ఇంకో ఎర్రర్, వాటికీ స్టాటిక్ తగిలిస్తే అన్ని లాటులకూ ఒకటే ధర. పాదిలో తెగులుంటే ఆకులు తుడిచినట్టవుతుంది.

ఎర్రర్ వచ్చింది కాబట్టి నాలుగోది ఒక రకంగా మేలే. భయపడాల్సింది అయిదోదాని గురించి. తరుగు 12.5 కిలోలు అని రాశాం. అది డబుల్. ఇంట్, ఇంట్ తీసుకునే మెథడ్‌లోకి 12.5 పోదు, డబుల్‌ను ఇంట్‌గా కుదించడం జావా తనంతట తాను చేయదు. మిగిలింది స్టాటిక్ మెథడ్ ఒక్కటే. ఆబ్జెక్ట్ పేరుతో స్టాటిక్ మెథడ్‌ను పిలవడం జావాలో చెల్లుతుంది. అందుకని 12.5 కిలోలు, క్వింటాకు 300 అనుకుని లెక్క కట్టి 37.5 ఇచ్చింది. 4500 కిలోల లాటు ఊసే లేదు.

ఇది కళ్లారా చూడాలంటే కంపైలయిన క్లాస్‌ను, అందులోని సూచనలను చూపించే జావాపీ పనిముట్టుకు సీ ఆప్షన్‌తో ఇవ్వండి. రెండో పిలుపు దగ్గర ఇన్‌వోక్‌వర్చువల్ అని, పక్కన (ఐఐ)డీ అని ఉంటుంది. ఐ అంటే ఇంట్, డీ అంటే డబుల్. బ్రాకెట్ లోపలివి పారామీటర్లు, బయటిది రిటర్న్ టైపు. అయిదో పిలుపు దగ్గర ఆబ్జెక్ట్‌ను స్టాక్ మీదికి తెచ్చే ఎలోడ్ సూచన, దాని వెంటనే పాప్, తర్వాత ఇన్‌వోక్‌స్టాటిక్, పక్కన (డీడీ)డీ కనిపిస్తాయి. కంపైలర్ ఎలోడ్‌తో లాటును తెచ్చింది, పాప్‌తో పారేసింది. రైతు లాటు లెక్కలోంచి జారిపోయిన చోటు సరిగ్గా ఆ పాప్. ఆ వేరియబుల్‌లో ఆబ్జెక్ట్‌కు బదులు నల్ (ఏ ఆబ్జెక్టూ లేదన్న గుర్తు) ఉన్నా ఈ పిలుపు ఆగదు, నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ రాదు. ఎటూ పారేసేదే కదా.

ఫీల్డులను డబుల్‌కు బదులు ఇంట్‌లుగా పెట్టి ఉంటే ఇంకో రకంగా పడేవాళ్లం. అప్పుడు "విలువ(కిలోలు - తరుగు, ధర)" అన్న లోపలి పిలుపులో రెండూ ఇంట్‌లు. కాబట్టి అది స్టాటిక్ మెథడ్‌కు పోకుండా తిరిగి తననే పిలుచుకుంటుంది, మళ్లీ మళ్లీ, స్టాక్ నిండి స్టాక్‌ఓవర్‌ఫ్లో ఎర్రర్ వచ్చేదాకా. ఒక ఫీల్డు టైపు మార్చినందుకు వేరే మెథడ్‌లో అంతులేని చుట్టు మొదలవడం చాలామందికి అంతుపట్టదు.

నాలుగో మెట్టు: చక్కదిద్దడం

4500 పక్కన .0 చేర్చితే నాలుగో పిలుపు కంపైల్ అవుతుంది. అది అతుకే. రేపు ఇంకొకరు .0 మరిచిపోతారు. మందు డిజైన్‌లో వేయాలి.

ముందుగా ప్రతి మెథడ్ అర్థాన్ని ఒక వాక్యంలో రాసుకోండి. "కిలోలు, ధర ఇస్తే మొత్తం విలువ." "ఈ లాటు మొత్తం విలువ." "ఈ లాటులో తరుగు, హమాలీ పోగా రైతుకు దక్కేది." మొదటి రెండిట్లో ఉన్నది ఒకే పని. మూడోది వేరే పని. అర్థం వేరయినప్పుడు పేరు వేరుగానే ఉండాలి. మూడోదానికి పేరు మార్చి, డబుల్ తీసుకునేలా చేద్దాం:

డబుల్ చేతికొచ్చేది(డబుల్ తరుగు, డబుల్ హమాలీ) {
    రిటర్న్ విలువ(కిలోలు - తరుగు, ధర) - హమాలీ;
}

ఇప్పుడు ఒకటి.చేతికొచ్చేది(12.5, 300) అంటే 80,475 వస్తుంది. లాటు.విలువ(4500, 1800) అన్నా స్టాటిక్ మెథడ్‌కే పోతుంది, ఇంట్‌లు డబుల్‌లుగా వెడల్పవుతాయి.

విలువ అన్న పేరు మీద మిగిలినవి రెండు: పారామీటర్లు లేని ఇన్‌స్టెన్స్ మెథడ్, రెండు పారామీటర్ల స్టాటిక్ మెథడ్. ఇది మేము నిస్సంకోచంగా సిఫారసు చేసే అమరిక. ఆబ్జెక్ట్‌లో ఉన్న సమాచారాన్నే స్టాటిక్ మెథడ్ పారామీటర్లుగా అడుగుతుంది, ఇన్‌స్టెన్స్ మెథడ్ లోపల స్టాటిక్ మెథడ్‌ను పిలుస్తుంది, లెక్క ఒక్కచోటే ఉంటుంది. జావా సొంత లైబ్రరీలో డబుల్ క్లాస్‌లోని ఈజ్‌నాన్ సరిగ్గా ఇలాగే ఉంది. పారామీటర్ లేనిది ఇన్‌స్టెన్స్, ఒక డబుల్ తీసుకునేది స్టాటిక్.

ఒకే పేరు పెట్టక తప్పదనుకుంటే పారామీటర్ల సంఖ్యలోనే తేడా ఉంచండి. సంఖ్య ఒకటే ఉండి టైపుల్లో మాత్రమే తేడా ఉన్న స్టాటిక్, ఇన్‌స్టెన్స్ జంట ఎప్పుడూ ప్రమాదమే. ఆ టైపులు ఇంట్, లాంగ్, డబుల్ లాంటి అంకెలైతే మరీ.

ఇంకొక మాట, డబ్బు లెక్కలకు డబుల్ వాడకండి. ఇక్కడ అర్థం కావడానికి వాడాం. అసలు చీటీలో పైసల్లో లాంగ్ గానీ, బిగ్‌డెసిమల్ గానీ పెట్టండి. లాంగ్ పెట్టినా పైన చెప్పిన చిక్కు అలాగే ఉంటుంది: లాంగ్, లాంగ్ తీసుకునే స్టాటిక్ పక్కన ఇంట్, ఇంట్ తీసుకునే ఇన్‌స్టెన్స్ ఉంటే ఇదే కథ.

చివరగా హెచ్చరికలు ఆన్ చేయండి. జావాసీకి ఎక్స్‌లింట్ ఆప్షన్‌లో స్టాటిక్ అని ఇస్తే, స్టాటిక్ మెథడ్‌ను ఆబ్జెక్ట్ ద్వారా పిలిచిన ప్రతిచోటా, టైపు పేరుతో పిలవమని హెచ్చరిస్తుంది. దానికి తోడు డబ్ల్యూఎర్రర్ ఆప్షన్ కూడా ఇస్తే హెచ్చరిక ఎర్రర్‌గా మారి బిల్డ్ ఆగిపోతుంది. ఎక్లిప్స్‌లో, ఇంటెల్లిజేలో కూడా ఈ హెచ్చరిక ఉంది. ల్యాబ్‌లో పసుపు గీతలను పట్టించుకోకపోవడం అలవాటైపోతుంది. ఈ ఒక్క గీతను మాత్రం వదలకండి, 37.5ను ముందే పట్టించేది అదే.

బాక్సింగ్, నల్ దగ్గర

ఒక పేరు మీద లాంగ్ తీసుకునే స్టాటిక్, ఇంటీజర్ తీసుకునే ఇన్‌స్టెన్స్ ఉన్నాయనుకోండి. ఆబ్జెక్ట్ పేరుతో 5 ఇచ్చి పిలిస్తే ఎక్కడికి పోతుంది? ఇంట్‌కు దగ్గరి చుట్టం ఇంటీజర్ అనిపిస్తుంది. పోయేది లాంగ్ దగ్గరికే. వెడల్పు చేయడం మొదటి దఫా, బాక్సింగ్ రెండో దఫా. పైగా అది స్టాటిక్ కాబట్టి ఆబ్జెక్ట్ మళ్లీ గాలికే.

నల్ ఇచ్చినప్పుడు స్ట్రింగ్ తీసుకునేది, ఇంటీజర్ తీసుకునేది రెండూ సరిపోతాయి, ఒకటి ఇంకొకదానికంటే నిర్దిష్టం కాదు. యాంబిగ్యువస్ అని ఎర్రర్ వస్తుంది. ఒకటి స్టాటిక్ అయినంత మాత్రాన ఆ తగవు తీరదు. స్ట్రింగ్ క్లాస్‌లోని వాల్యూఆఫ్‌కు నేరుగా నల్ ఇస్తే మరో రకం దెబ్బ: ఆబ్జెక్ట్ తీసుకునేదానికంటే క్యారెక్టర్ల అర్రే తీసుకునేది నిర్దిష్టం కాబట్టి దాన్ని ఎంచుకుంటుంది, రన్ చేస్తే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్. ఏ టైపు నల్ కావాలో కాస్ట్ చేసి చెప్పడమే దారి.

స్ట్రింగ్‌లోని ఫార్మాట్ కూడా మన అయిదో పిలుపు లాంటిదే. అది స్టాటిక్, మొదటి పారామీటర్ నమూనా వాక్యం. పైథాన్ నుంచి వచ్చినవాళ్లు అలవాటుగా నమూనా వాక్యం పక్కన చుక్క పెట్టి ఫార్మాట్‌ను పిలిచి, లోపల రైతు పేరు ఇస్తారు. కంపైల్ అవుతుంది. కానీ నమూనా వాక్యం పారేసి, పేరునే నమూనాగా తీసుకుని పేరునే తిరిగిస్తుంది. 2020లో జావా 15తో ఇదే పనికి ఇన్‌స్టెన్స్ మెథడ్ వచ్చింది, దాని పేరు ఫార్మాటెడ్. పేరు వేరుగా ఉండడం వల్ల ఎవరికీ ఇబ్బంది లేకుండా పోయింది.

మెథడ్ రిఫరెన్స్‌లు

జావా 8లో వచ్చిన రెండు జంట చుక్కల రాత, క్లాస్ పేరు :: మెథడ్ పేరు, స్టాటిక్‌కూ ఇన్‌స్టెన్స్‌కూ ఒకేలా ఉంటుంది. ఇన్‌స్టెన్స్ మెథడ్ అయితే మొదటి ఆర్గ్యుమెంటే ఆబ్జెక్ట్ అవుతుంది. ఇక్కడ పారామీటర్ల సంఖ్యలో తేడా ఉన్నా కాపాడదు.

ఇంటీజర్ల లిస్టును స్ట్రీమ్‌గా చేసి మ్యాప్‌లో ఇంటీజర్::టుస్ట్రింగ్ అని రాయండి. ఇంటీజర్‌లో పారామీటర్ లేని ఇన్‌స్టెన్స్ టుస్ట్రింగ్ ఉంది, ఇంట్ తీసుకునే స్టాటిక్ టుస్ట్రింగ్ కూడా ఉంది. రెండూ సరిపోతాయి, యాంబిగ్యువస్ ఎర్రర్ వస్తుంది. ఆబ్జెక్ట్::టుస్ట్రింగ్ అని గానీ, స్ట్రింగ్::వాల్యూఆఫ్ అని గానీ రాస్తే తీరిపోతుంది. లాంబ్డాగా విడదీసి రాసినా సరే.

మన క్లాస్‌లో లాటు::విలువ అని రాస్తే చిక్కు లేదు, ఎందుకంటే స్టాటిక్ విలువ ఒక లాటును తీసుకోదు. రేపు ఎవరైనా "స్టాటిక్ డబుల్ విలువ(లాటు ఏదో)" అని చేర్చితే, ఆ రోజు ప్రాజెక్టులోని లాటు::విలువ లన్నీ కంపైల్ కావడం మానేస్తాయి. ఆబ్జెక్ట్‌నే పారామీటర్‌గా తీసుకునే స్టాటిక్ మెథడ్‌కు ఇన్‌స్టెన్స్ మెథడ్ పేరు పెట్టకండి.

వారసత్వంలో

పిల్ల క్లాస్ తల్లి క్లాస్ నుంచి స్టాటిక్ మెథడ్‌లను కూడా తెచ్చుకుంటుంది, అవీ అదే గుంపులో చేరతాయి. పిల్ల క్లాస్‌లో మీరు చేర్చిన ఇన్‌స్టెన్స్ మెథడ్, తల్లి క్లాస్‌లోని స్టాటిక్‌తో పోటీ పడుతుందని గుర్తుపెట్టుకోండి. తల్లిలోని స్టాటిక్ సిగ్నేచర్‌తోనే పిల్లలో ఇన్‌స్టెన్స్ మెథడ్ రాస్తే, పైన ఉన్నది స్టాటిక్ కాబట్టి ఓవర్‌రైడ్ చేయలేరని ఎర్రర్. తిప్పి రాసినా ఎర్రరే. రెండూ స్టాటిక్ అయితే ఎర్రర్ లేదు, అయితే అది ఓవర్‌రైడింగ్ కాదు, మరుగుపరచడం. ఏది నడుస్తుందో వేరియబుల్‌కు రాసిన టైపును బట్టి కంపైల్ సమయంలోనే తేలిపోతుంది. ఇంటర్‌ఫేస్‌లోని స్టాటిక్ మెథడ్‌లు మాత్రం వారసత్వంగా రావు, వాటిని ఇంటర్‌ఫేస్ పేరుతోనే పిలవాలి. కాబట్టి ఈ పోటీలో వాటికి పాత్ర లేదు.

వేరే భాషలు వాడేవాళ్లకు

సీ ప్లస్‌ప్లస్ దాదాపు జావా లాగే. పారామీటర్లు ఒకటైతే స్టాటిక్, స్టాటిక్ కానిది కలిసి ఉండలేవు. ఆబ్జెక్ట్ ద్వారా స్టాటిక్‌ను పిలవనిస్తుంది.

సీషార్ప్ ఈ విషయంలో ముందడుగు వేసింది. ఆబ్జెక్ట్ పేరుతో స్టాటిక్ మెథడ్‌ను పిలవడం అక్కడ మొదటి నుంచీ ఎర్రరే, కాబట్టి మన 37.5 అక్కడ పుట్టదు. 2018లో వచ్చిన సీషార్ప్ 7.3 నుంచి, టైపు పేరుతో పిలిస్తే ఇన్‌స్టెన్స్ మెథడ్‌లను, ఆబ్జెక్ట్‌తో పిలిస్తే స్టాటిక్ మెథడ్‌లను ఎంపికకు ముందే గుంపులోంచి తీసేస్తుంది. మన నాలుగో పిలుపు అక్కడ హాయిగా కంపైల్ అవుతుంది. రెండు భాషలూ నేర్చుకుంటున్నవాళ్లు ఒకదాని అనుభవాన్ని ఇంకొకదానికి అంటగట్టకండి.

పైథాన్‌లో ఈ అర్థంలో ఓవర్‌లోడింగ్ లేదు. ఒకే క్లాస్‌లో ఒక పేరును రెండుసార్లు డెఫ్ చేస్తే చివరిదే నిలుస్తుంది, మొదటిది చడీచప్పుడు లేకుండా పోతుంది. మొదటిదానికి స్టాటిక్‌మెథడ్ డెకరేటర్ ఉన్నా అంతే. డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లతో సర్దుకోవచ్చు. టైపును బట్టి వేరు చేయాలంటే 2019 నాటి పైథాన్ 3.8లో వచ్చిన సింగిల్‌డిస్పాచ్‌మెథడ్ ఉంది. టైపింగ్ మాడ్యూల్‌లోని ఓవర్‌లోడ్ డెకరేటర్ టైప్ చెకర్ల కోసమే, రన్ అయ్యేటప్పుడు అది ఏ ఎంపికా చేయదు.

జావాస్క్రిప్ట్‌లో స్టాటిక్ మెథడ్ క్లాస్ మీద, ఇన్‌స్టెన్స్ మెథడ్ ప్రోటోటైప్ మీద ఉంటాయి. రెండు వేర్వేరు గూళ్లు కాబట్టి పేరు, పారామీటర్లు పూర్తిగా ఒకటైనా గొడవ పడవు.

పరీక్షించేటప్పుడు

ఓవర్‌లోడ్ ఉన్న ప్రతి పేరుకూ, ఒక్కో మెథడ్ మొదటి లైన్‌లో అది ఏదో చెప్పే ప్రింట్ తాత్కాలికంగా పెట్టండి. తర్వాత ఇంట్, లాంగ్, డబుల్, ఇంటీజర్, నల్ ఇచ్చి, ఆబ్జెక్ట్‌తో ఒకసారి, క్లాస్ పేరుతో ఒకసారి పిలవండి. ముందే కాగితం మీద ఏది వస్తుందో రాసుకుని, ఆ తర్వాత రన్ చేయండి. మీ ఊహ తప్పిన ప్రతిచోటా పేరు మార్చాల్సిన మెథడ్ ఒకటుంది.

కొత్త ఓవర్‌లోడ్ చేర్చినా పాత మెథడే నడుస్తోందంటే, పిలిచే క్లాస్ మళ్లీ కంపైల్ కాకపోయి ఉండవచ్చు. ఏ డిస్క్రిప్టర్‌ను పిలవాలన్నది పిలిచేవాడి క్లాస్ ఫైల్‌లోనే రాసి ఉంటుంది. లాటు ఒక్కటే కంపైల్ చేసి సరిపెట్టకుండా, పాత క్లాస్ ఫైళ్లు తుడిచేసి మొత్తం బిల్డ్ చేయండి.

మెయిన్‌ను ఓవర్‌లోడ్ చేయవచ్చా అన్నది కూడా వైవాలో తరచూ వచ్చే ప్రశ్నే. చేయవచ్చు. చాలా కాలం వరకు, జావా ప్రోగ్రాంలను నడిపే జేవీఎం మాత్రం స్ట్రింగ్ అర్రే తీసుకునే స్టాటిక్ మెయిన్‌తోనే మొదలుపెట్టేది, మిగతావి మామూలు మెథడ్‌ల లాగా మీరే పిలుచుకోవాలి. 2025లో వచ్చిన జావా 25 నుంచి ఇన్‌స్టెన్స్ మెయిన్ కూడా చెల్లుతుంది. ముందు స్ట్రింగ్ అర్రే తీసుకునే మెయిన్ ఉందేమో చూస్తుంది, లేకపోతే పారామీటర్ లేనిదాన్ని తీసుకుంటుంది. అలా ఎంచుకున్నాకే అది స్టాటిక్ అవునో కాదో చూస్తుంది. కాకపోతే ఒక ఆబ్జెక్ట్ తయారుచేసి దాని మీద పిలుస్తుంది. ఒకే క్లాస్‌లో స్టాటిక్ మెయిన్ పారామీటర్ లేకుండా, ఇన్‌స్టెన్స్ మెయిన్ స్ట్రింగ్ అర్రేతో రాసి నడిపి చూడండి. నడిచేది ఇన్‌స్టెన్స్ మెయినే.